సైలెన్సర్ విప్పిన చేతులు: మోటార్‌సైకిల్ ఎగ్జాస్ట్ మార్పుల చరిత్ర

మోటార్‌సైకిల్‌కు సైలెన్సర్ అమర్చే అలవాటు ఎంత పాతదో, దానిని విప్పి మార్చే అలవాటు కూడా దాదాపు అంతే పాతది. సిలిండర్‌లో ఇంధనం మండి ఎగ్జాస్ట్ ద్వారం తెరుచుకోగానే, అధిక పీడనంలో ఉన్న వేడి వాయువు ఒక్క ఉదుటున గొట్టంలోకి దూకుతుంది. ఆ దూకుడే బయటికి వినిపించే చప్పుడు. ఆ వాయువును చిల్లుల గొట్టాల గుండా, అడ్డుపలకల మధ్యగా తిప్పి, దాని ఉధృతిని తగ్గించి వదిలే పెట్టె సైలెన్సర్. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు ఇటువంటి పరికరానికి 1897లో పేటెంటు పొందారు. వాయువు దారికి అడ్డువచ్చేది ఏదైనా ఇంజన్ శక్తిని హరిస్తుందన్న నమ్మకం కూడా దానితోపాటే పుట్టింది. అందుకే తొలినాటి వాహనాలలో కొన్నింటికి ‘కటౌట్’ ఉండేది. దాని మీట లాగితే వాయువు సైలెన్సర్‌లోకి పోకుండా నేరుగా బయటపడేది. ఆ నమ్మకంలో సగమే నిజముందని పందెపు మైదానాలు తేల్చాయి.

ఇంగ్లండులోని సర్రీ ప్రాంతంలో వేబ్రిడ్జ్ దగ్గర 1907లో ప్రారంభమైన బ్రూక్లాండ్స్ పందెపు బాట ఈ చరిత్రలో ముఖ్యమైన చోటు. ఆ కాంక్రీటు బాట చుట్టుపక్కల నివాసులు చప్పుడు భరించలేక మొదటి ఏడాదినుంచే న్యాయపోరాటానికి దిగడంతో రాత్రిపూట పరుగు నిలిచిపోయింది. ఆ కట్టుబాటు ఎంత గట్టిదంటే, 1929లో అక్కడ 24 గంటల కార్ల పోటీ నిర్వహించదలచినవారు దానిని పన్నెండేసి గంటలుగా రెండు పగళ్లకు పంచి ‘డబుల్ ట్వెల్వ్’ అని పేరు పెట్టవలసి వచ్చింది. 1920ల నడుమ వచ్చిన మరో వివాదం తరువాత పోటీ వాహనాలకు పెద్ద డబ్బా వంటి సైలెన్సర్ తప్పనిసరి అయింది. ‘బ్రూక్లాండ్స్ క్యాన్’ అన్న పేరు దానికి అప్పుడే స్థిరపడింది. పొరుగువారి ఫిర్యాదు, నిర్వాహకుల నిబంధన, నిబంధనకు లోబడుతూనే శక్తిని నిలుపుకొనే మెకానిక్ యుక్తి అనే మూడు పాత్రలు అప్పటినుంచి ఈ కథను విడిచిపోలేదు.

1930లలో నార్టన్ వంటి పోటీ బండ్లకు చివర వెడల్పయ్యే ‘మెగాఫోన్’ గొట్టాలు వచ్చాయి. వాయువుతోపాటు గొట్టంలో పీడనపు అల కూడా ప్రయాణిస్తుంది. గొట్టం వెడల్పయ్యే చోటికి చేరగానే ఆ అలలో కొంత భాగం చూషణపు అలగా మారి వెనక్కి తిరుగుతుంది. అది సరైన క్షణంలో సిలిండర్‌ను చేరితే మిగిలిపోయిన కాలిన వాయువును బయటికి లాగి, తాజా మిశ్రమానికి చోటు చేస్తుంది. అంటే తగిన పొడవున్న గొట్టం అమర్చిన ఇంజన్, గొట్టమే లేని ఇంజన్ కంటే ఎక్కువ శక్తినిస్తుంది. అడ్డు తీసేస్తే చాలు వేగం పెరుగుతుందన్న వాదన నిలవకపోవడానికి కారణం ఇదే.

రెండో ప్రపంచ యుద్ధానంతరం ఈ విద్య బ్రిటన్ యువకుల ఇళ్ల గ్యారేజీలకు చేరింది. లండన్ శివారులో నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఉన్న ఏస్ కెఫే వంటి చోట్లకు చేరే కుర్రకారు తమ బండ్లను పందెపు బండ్ల రూపంలోకి తామే మలచుకున్నారు. వారు కోరుకున్న బండ్లలో బీఎస్ఏ సంస్థ బర్మింగ్‌హామ్‌లో తయారుచేసిన గోల్డ్ స్టార్ ఒకటి. దాని సైలెన్సర్ చప్పుడుకు ప్రత్యేకమైన గుర్తింపు ఉండేది. ఆ బండి పేరు ఎంత దూరం ప్రయాణించిందో తరువాత చూద్దాం.

అయితే గొట్టపు ఆకారానికి అసలైన శాస్త్రం తూర్పు జర్మనీలోని చోపావ్ పట్టణంలో, ఎంజెడ్ మోటార్‌సైకిల్ కర్మాగారపు పోటీ విభాగంలో రూపుదిద్దుకుంది. మోటార్‌సైకిళ్ల టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వు ఉండదు. సిలిండర్ గోడలోని ద్వారాలను పిస్టనే మూసి తెరుస్తుంది కనుక, కాలిన వాయువుతోపాటు తాజా మిశ్రమం కూడా కొంత బయటికి పోతుంది. యుద్ధకాలంలో రాకెట్ల పరిశోధనలో పనిచేసిన ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఈ లోపానికి ఎగ్జాస్ట్ గొట్టంలోనే మందు వెదికాడు. మొదట క్రమంగా వెడల్పై, తరువాత సన్నబడి, చివర చిన్న తోకతో ముగిసే ‘ఎక్స్‌పాన్షన్ చాంబర్’ను ఆయన పరిపూర్ణతకు తెచ్చాడు. వెడల్పయ్యే శంకువు చూషణపు అలను పంపి సిలిండర్‌ను శుభ్రం చేస్తుంది. సన్నబడే శంకువు పీడనపు అలను వెనక్కి కొట్టి, తప్పించుకుపోతున్న తాజా మిశ్రమాన్ని ద్వారం మూసుకునేలోపు తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. ఊయలను సరైన అదనులో తోస్తేనే ఎత్తు పెరిగినట్టు, అల సకాలంలో చేరితేనే ఈ ప్రయోజనం దక్కుతుంది. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజన్ 25 హార్స్‌పవర్, అంటే లీటరుకు 200 హార్స్‌పవర్ చొప్పున శక్తినిచ్చింది; సూపర్‌చార్జర్ లేని ఇంజన్‌కు అది అపూర్వం. అదే ఏడాది సెప్టెంబరులో స్వీడన్ పోటీ సందర్భంగా రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి, ఆ విద్యను జపాన్‌లోని సుజుకి సంస్థకు చేర్చాడు. 1962లో ఆయనే 50 సీసీ ప్రపంచ టైటిల్‌ను సుజుకికి గెలిచిపెట్టాడు. చోపావ్‌లోనే ఉండిపోయిన కాడెన్‌కు దక్కవలసినంత కీర్తి దక్కలేదన్నది నిస్సందేహం.

కర్మాగారపు రహస్యం ఇంటి పనిబల్ల మీదికి రావడంలో పుస్తకాల పాత్ర పెద్దది. అమెరికన్ రచయిత గోర్డన్ జెన్నింగ్స్ 1973లో ప్రచురించిన టూ స్ట్రోక్ ట్యూనింగ్ గ్రంథం చాంబర్ పొడవును ఎవరైనా లెక్కగట్టగల సూత్రాన్ని ఇచ్చింది. ఎగ్జాస్ట్ ద్వారం తెరిచి ఉండే కోణాన్ని అల వేగంతో హెచ్చించి, ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లతో భాగించాలి. సెకనుకు 1,700 అడుగుల అల వేగం, 180 డిగ్రీల కోణం, 9,000 చుట్లు తీసుకుంటే పొడవు 34 అంగుళాలు వస్తుంది. 6,000 చుట్ల దగ్గర శక్తి కావాలంటే అదే పొడవు 51 అంగుళాలకు పెరుగుతుంది. కాబట్టి ఒక చాంబర్ ఒక వేగానికే చక్కగా పనిచేస్తుంది, మిగిలిన వేగాల దగ్గర నష్టం కలిగిస్తుంది. కాగితం మీద శంకువులను విప్పి గీసి, రేకు కత్తిరించి, చుట్టి, గ్యాస్ వెల్డింగుతో అతికే పనిలో అంగుళం తేడా కూడా బండి నడతను మార్చేసేది.

భారతదేశంలో సైలెన్సర్ విప్పడం మొదట శుభ్రం చేసే పనిగానే సాగింది. 1961 నుంచి మైసూరులో తయారైన జావా, 1973 తరువాత దాని స్థానంలో వచ్చిన యెజ్డీ, ఇంధనంలో ఆయిల్ కలిపి నడిపే టూ స్ట్రోక్ బండ్లు కావడం వల్ల వాటి గొట్టాలలో మసి పేరుకునేది. వెనుక మూత విప్పి, లోపలి చిల్లుల గొట్టాన్ని నిప్పులో కాల్చి, బ్రష్‌తో రుద్ది మళ్లీ బిగించడం యజమానులు ఇంట్లోనే చేసుకున్న పని. దానిని తిరిగి బిగించకుండా వదిలేసినవారూ ఉన్నారు. 1983లో రాజ్‌దూత్ 350, 1985లో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చేసరికి, మద్రాసు సమీపంలోని షోళవరం పాత యుద్ధకాలపు విమానాల బాట మీద జరిగే పోటీల కోసం దక్షిణాది మెకానిక్కులు చాంబర్లను చేతితో తయారుచేసుకున్నారు. దిగుమతి సామగ్రి అందుబాటులో లేని ఆ కాలంలో, ఆర్ఎక్స్ 100లోని 98 సీసీ ఇంజన్ సహజంగా ఇచ్చే 11 హార్స్‌పవర్‌కు మించి రాబట్టిన ఆ పని మన దేశపు ఇంజనీరింగు చరిత్రలో గౌరవస్థానానికి అర్హమైనది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ విషయంలో కథ వేరుగా నడిచింది. 1955లో మద్రాసులో తయారీ మొదలైన ఈ ఫోర్ స్ట్రోక్ బండికి చప్పుడే గుర్తింపు. 2021లో తెలుగు పెళ్లి ఊరేగింపులను ముంచెత్తిన ‘బుల్లెట్టు బండి’ పాట ఆ గుర్తింపు ఎంత లోతుగా పాతుకుందో చూపింది. దాని కోసం అమ్ముడైన సైలెన్సర్లలో ‘గోల్డ్‌స్టార్’, ‘ఇండోరీ’, ‘పంజాబ్’ పేర్లు దేశమంతటా ప్రసిద్ధం. బర్మింగ్‌హామ్ బండి పేరు ఇక్కడికి చేరింది కానీ, దాని వెనుక ఉన్న లెక్క చేరలేదు. అడ్డుపలకలు తీసేసిన గొట్టంలో ప్రతిరోధం తగ్గి, కార్బురేటర్ జెట్ మార్చకపోతే మిశ్రమంలో ఇంధనం పాలు పడిపోయి, ఇంజన్ మితిమీరి వేడెక్కుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే టపటపలు కాలని ఇంధనం వేడి గొట్టంలో అంటుకోవడం వల్ల పుట్టేవే తప్ప బలానికి గుర్తు కావు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల బండ్లలో విషవాయువులను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఎగ్జాస్ట్ వ్యవస్థలోనే ఉంటుంది కనుక, గొట్టం మార్చడమంటే చాలాసార్లు ఆ రక్షణను ఊడబెరకడమే.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు ప్రతి వాహనానికీ సైలెన్సర్‌ను తప్పనిసరి చేశాయి. కొత్త మోటార్‌సైకిళ్ల చప్పుడు 80 సీసీ వరకు 75, 175 సీసీ వరకు 77, అంతకు మించితే 80 డెసిబెల్స్ దాటరాదు. 2019 సవరణ తరువాత శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి నడిపేవారికి 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఈ కట్టుదిట్టం సమంజసమైనదే. నిద్రపోయే పసిపిల్లల, రోగుల హక్కు ఒకరి సరదా కంటే పెద్దది. కానీ చప్పుడు మీది కోపంలో షోళవరం తరం చేతిపనిని కూడా మరచిపోవడం అన్యాయం. ఆ మెకానిక్కులలో చాలామంది ఇప్పుడు వృద్ధులు. వారి దగ్గర మిగిలిన రేకు అచ్చులను, కొలతల కాగితాలను, పాత చాంబర్లను ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఇప్పుడే సేకరించి విద్యార్థుల ముందు పెట్టాలి.