మంటలార్పు ఇంజను - పందెపు కారు

నిప్పునార్పుటకు పుట్టిన యంత్రము పందెములలో పరుగెత్తినదన్న వింతగా తోచును. రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటిషు ప్రభుత్వము, మనుష్యులు మోసికొనిపోగల తేలికైన అగ్నిమాపక పంపును కోరినది. కవెంట్రీ క్లైమాక్స్ సంస్థలో వాల్టర్ హాసన్, హ్యారీ మండీలు అల్యూమినియపు దిమ్మెతో 1020 ఘన సెంటీమీటర్ల ఇంజనును రూపొందించిరి. బరువు తక్కువ, బలమెక్కువ. పందెపు కార్లవారు ఊరకుందురా? 1954 నాటికి దానిని సుమారు 1100 ఘన సెంటీమీటర్లకు పెంచి కార్లకు అనువుగా మార్చిరి.

1957లో కోలిన్ చాప్‌మన్ వెలయించిన లోటస్ సెవెన్ కారును, కొనుగోలు పన్ను తప్పునట్లు, విడిభాగములుగా అమ్మెడివారు. కొన్నవారు ఇంటివద్దనే బిగించుకొనెడివారు. అందలి మామూలు ఫోర్డు ఇంజను శక్తి సుమారు 40 అశ్వశక్తులు. 'సూపర్ సెవెన్'లో అమర్చిన ఈ పంపు వంశపు ఇంజను సుమారు 75 ఇచ్చెను. మోసెడివాని భుజభారమును తగ్గింపనెంచిన యోచనయే కారునకు వేగమైనది.