యొర్దాను నది తర్వాత ఏం జరిగింది?



ఆదివారం ఆరాధన అయ్యాక మన యౌవనస్థుల్లో ఒకడు మమ్మల్ని ఆపి ఫోనులో ఒక వీడియో చూపించాడు. జడలు కట్టిన పొడవాటి జుట్టు, ఒళ్ళంతా పచ్చబొట్లు, చేతిలో గిటారు, చెవులు దద్దరిల్లే శబ్దం. "అయ్యగారూ, ఈయన విశ్వాసి అంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు. ఒక్క మాటలో చెప్పగలిగే జవాబు కాదు కనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

అతని పేరు బ్రయన్ వెల్చ్. స్నేహితులు పెట్టిన ముద్దుపేరు 'హెడ్'. 1970లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టాడు. పెరిగిన ఊరు బేకర్స్‌ఫీల్డ్. చుట్టూ ప్రత్తి చేలు, ద్రాక్ష తోటలు, చమురు బావులు. రైతులూ కూలీలూ ఎక్కువగా ఉండే ఆ ప్రాంతం నుండి 1993లో కొందరు కుర్రాళ్ళు కలిసి 'కోర్న్' అనే సంగీత బృందం పెట్టుకున్నారు. వాళ్ళు వాయించేది హెవీ మెటల్ జాతి సంగీతం. మామూలు గిటారుకు ఆరు తీగలుంటే, వెల్చ్, అతని జోడీ జేమ్స్ షాఫర్ ఏడు తీగల గిటార్లు పట్టుకొని, శ్రుతి బాగా తగ్గించి, ఉరుము లాంటి మోత పుట్టించారు. పాటల్లో ఉన్నది చాలావరకు నొప్పి, కోపం, చిన్ననాటి గాయాలు. దేవుణ్ణి తెలియని ఒక తరం తన ఏడుపును వాటిలో విన్నది.

1994లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 1998లో వచ్చిన 'ఫాలో ద లీడర్' అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆ ఒక్క దేశంలోనే 50 లక్షల కాపీలకు లెక్క వచ్చింది. తర్వాత గ్రామీ బహుమతులూ వచ్చాయి. డబ్బు, పేరు, విమానాలు, జనం కేకలు, ఏది కావాలంటే అది దొరికింది.

అదే సమయంలో లోపల ఇల్లు కూలుతూ వచ్చింది. తాగుడు, మాత్రలు, చివరికి 'మెత్' అనే మత్తుమందు. దాన్ని తీసుకున్నవాడికి రోజుల తరబడి నిద్ర రాదు, ఆకలి తెలియదు. మెదడులో సంతోషాన్ని కలిగించే రసాయనాన్ని ఒక్కసారిగా కుమ్మరించి, తర్వాత మనిషిని ఎండిన బావిలా వదిలేస్తుంది. అందుకే మళ్ళీ మళ్ళీ కావాలంటుంది. వివాహం చెదిరిపోయింది. చిన్న కూతురిని పెంచే బాధ్యత అతని మీదే పడింది. ఒకరోజు ఐదేళ్ళ ప్రాయంలో ఉన్న ఆ బిడ్డ తమ బృందం పాట ఒకటి పాడుతూ ఆడుకుంటోంది. అది పిల్లల నోట వినదగని అర్థం ఉన్న పాట. తాను లోకానికి అమ్మిన సరుకు తన ఇంటి గడప దాటి లోపలికి వచ్చిందని ఆ తండ్రికి అప్పుడు అర్థమైంది.

ఆ రోజుల్లోనే అతనికి తెలిసిన ఒకాయన మత్తయి సువార్త 11:28 పంపించాడు. బరువు మోసి అలసిపోయినవాళ్ళను తన దగ్గరికి రమ్మని ప్రభువు పిలిచే వచనం అది. వెల్చ్ మందిరానికి వెళ్ళాడు, ప్రార్థన చేశాడు. అయితే ఇంటికి వచ్చి మళ్ళీ మత్తుమందు తీసుకున్నాడు, దాని మధ్యలోనే దేవుణ్ణి బతిమాలాడు. ఈ సంగతి అతడే తన సాక్ష్యంలో దాచకుండా చెప్పుకున్నాడు. కాసేపటికి మత్తుమందు మానాడు. 2005 ఫిబ్రవరిలో కోర్న్‌ను విడిచిపెడుతున్నానని ప్రకటించాడు. అదే నెలలో బేకర్స్‌ఫీల్డ్‌లోని ఒక పెద్ద సంఘంలో వేలమంది ముందు నిలబడి మాట్లాడాడు. మార్చి నెలలో ఇశ్రాయేలుకు వెళ్ళి యొర్దాను నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. కెమెరాలు ఆ దృశ్యాన్ని లోకమంతా చూపించాయి.

మన కూడికల్లో ఎవరైనా ఈ సాక్ష్యం చెబితే సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. "దేవునికి స్తోత్రం" అంటాము, చప్పట్లు కొడతాము, కానుక పాట మొదలుపెడతాము. కాని చరిత్ర యొర్దాను ఒడ్డున ఆగలేదు. మనం నేర్చుకోవలసిన భాగం ఆ తర్వాతే ఉంది.

బాప్తిస్మం తీసుకున్నవాడి గాయాలన్నీ ఆ నీళ్ళలోనే కొట్టుకుపోలేదు. 2007లో తన కథను పుస్తకంగా వ్రాశాడు, 2008లో సొంత ఆల్బమ్ తెచ్చాడు. కాని డబ్బు ఇబ్బందులు వచ్చాయి. కోపం మిగిలే ఉంది. కూతురు పెద్దదవుతున్న కొద్దీ ఆ బిడ్డ మనసులోని నలుగుడు బయటపడింది. చివరికి ఆమెను దూరంగా, ఇలాంటి పిల్లలకు సాయపడే చోట చేర్చవలసి వచ్చింది. 2018లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో తండ్రీ కూతుళ్ళిద్దరూ ఈ సంగతులు చెప్పుకున్నారు. మరో మాట కూడా అతడు తర్వాతి సంవత్సరాల్లో ఒప్పుకున్నాడు. మొదట్లో మత్తుమందును ఎలా పట్టుకున్నాడో, భక్తిని కూడా అలాగే అతిగా, పిచ్చిగా పట్టుకున్నానని. మనవాళ్ళలో ఎంతమంది ఈ మాట ధైర్యంగా చెప్పగలరు?

అంతలో ఎవరూ ఊహించనిది జరిగింది. అదే బృందంలో బేస్ గిటారు వాయించే రెజినాల్డ్ ఆర్విజు కూడా విశ్వాసంలోకి వచ్చి, 2009లో తన సాక్ష్యాన్ని పుస్తకంగా తెచ్చాడు. 2012 మే నెలలో ఒక సంగీతోత్సవంలో వెల్చ్ పాత స్నేహితులతో కలిసి వేదిక ఎక్కాడు. 2013లో పూర్తిగా కోర్న్‌లోకి తిరిగి చేరాడు. కొందరు విశ్వాసులు "కుక్క తన వాంతికి తిరిగింది" అన్న సామెత అతని మీద వేశారు. అతడు మాత్రం విశ్వాసాన్ని విడువలేదు. ఆ వచనం సంఖ్యను మెడ మీద పచ్చబొట్టుగా వేయించుకున్నవాడు, దానితోనే ఆ వేదిక మీద నిలబడ్డాడు.

అతడు తిరిగి వెళ్ళడం సరైనదేనా? మార్కు సువార్త 5వ అధ్యాయం చూడండి. సమాధుల్లో తిరిగిన మనిషి బాగుపడ్డాక ప్రభువుతోనే ఉంటానని బతిమాలాడు. ప్రభువు ఒప్పుకోలేదు. నీ ఇంటికి, నీ వాళ్ళ దగ్గరికి వెళ్ళమని పంపాడు. తనను గొలుసులతో చూసిన ఊరే అతనికి సేవా స్థలమైంది. వెల్చ్‌కు కోర్న్ అటువంటి ఊరు కావచ్చు. కాని ఒకటి మరువకండి: అతడు బయటికి రావడానికీ తిరిగి వెళ్ళడానికీ మధ్య దాదాపు ఎనిమిదేళ్ళు గడిచాయి. నిన్న మానినవాడు ఈ రోజు పాత స్నేహితులకు సువార్త చెబుతానని బెల్టు షాపు మెట్లెక్కితే, అది సేవ కాదు, శోధన.

ఇక్కడ మేము మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఉజ్జీవ కూడికల సమయంలో, తాగుడు మాని నలభై రోజులైన ఒక తమ్ముణ్ణి మేమే వేదిక ఎక్కించాము. ఫ్లెక్సీ మీద ఫోటో వేయించాము. అతడు బాగా మాట్లాడాడు, జనం ఏడ్చారు, మాకు గర్వంగా అనిపించింది. రెండు నెలల్లో మళ్ళీ పడిపోయాడు. ఫ్లెక్సీ ఇంకా కరెంటు స్తంభానికి వేలాడుతూనే ఉంది. తన ముఖం తనకే ఎదురయ్యే ఆ వీధిలో అతడు నడవలేకపోయాడు, మమ్మల్ని చూస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. పడింది అతడే, కాని అంత ఎత్తున నిలబెట్టింది మేము.

పౌలు దమస్కులో వెంటనే ప్రభువును ప్రకటించిన మాట నిజం. అయితే అతడు అరేబియాకు వెళ్ళాడు, యెరూషలేముకు వెళ్ళింది మూడేళ్ళ తర్వాత, ఆపైన తార్సులో ఉన్నాడు. బర్నబా వెదకి పట్టుకొని అంతియొకయకు తీసుకువచ్చేదాకా చాలా కాలం మరుగున గడిచింది. లాజరు సమాధి నుండి లేచి వచ్చినప్పుడు కూడా ప్రేతవస్త్రాలు ఒంటి మీదే ఉన్నాయి. లేపినవాడు ప్రభువు. కట్లు విప్పే పని మాత్రం చుట్టూ నిలబడినవాళ్ళకు అప్పగించాడు. ఆ పని చేయవలసిన మనం ఫోటోలు తీస్తూ నిలబడ్డాము.

కనుక మన సంఘంలో ఇకమీదట ఇలా చేద్దాము. క్రొత్తగా మానినవాళ్ళను మైకు ముందుకు తోయవద్దు. వాళ్ళ ఇంటికి వెళ్దాము, భార్యాబిడ్డలు తిన్నారో లేదో అడుగుదాము, సాయంత్రం ఆరు గంటలప్పుడు వాళ్ళు ఒంటరిగా ఉండకుండా చూద్దాము. అవసరమైతే డాక్టరు దగ్గరికి కూడా తోడు వెళ్దాము. అది అవిశ్వాసం కాదు. మళ్ళీ పడితే తలుపు మూయకుండా ఉందాము.

ఆ తమ్ముడు పోయిన బుధవారం ప్రార్థనకు వచ్చాడు. వెనక, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. మేము పేరు పెట్టి పిలవలేదు, సాక్ష్యం అడగలేదు. ప్రార్థన అయ్యాక వెళ్ళి పక్కన కూర్చున్నాము. ఈ బుధవారం కూడా వస్తాడని ఎదురుచూస్తున్నాము. మీరూ అతని కోసం ప్రార్థించండి. పేరు ప్రభువుకు తెలుసు.

అలసినవారిని పిలిచే ప్రభువు మన ఇళ్ళలో అలసిన ప్రతి బిడ్డనూ తన దగ్గరికి చేర్చుకొనును గాక. ఆమెన్.