చదువులో కడకంటి చూపు



మా తాతగారి కాలమునుండి మా యింట అటకమీద ఒక తాటాకుల కట్ట యుండెడిది. ఏటేట శ్రీరామనవమికి దానిని దింపి, పసుపు కుంకుమ లుంచి, తాతగారు కొన్ని పద్యములు చదివెడివారు. నాకప్పుడు పదియేండ్లు. అచ్చుపుస్తకము తడబడక చదువుదునను గర్వముతో ఒకనాడు ఆ కట్టను విప్పి చూచితిని. అక్షరము లన్నియు తెలిసినవే. మాట యొక్కటియు తెలియలేదు. అక్షరములు గొలుసువలె ఆకు ఈ కొననుండి ఆ కొనకు సాగిపోయినవే కాని, ఎక్కడ మాట ముగిసినదో ఎక్కడ మొదలైనదో చెప్పు గుర్తు లేదు. తాతగారు నవ్వి "కంటితో కాదురా, చెవితో చదువవలె" ననిరి. ఆ మాట యర్థము నాకు నలువది యేండ్ల పిమ్మటగాని తెలియలేదు.

మన మండలములలోని పాతవ్రాతలన్నియు నిట్టివే. పానుగల్లు గుడులయొద్ది శాసనములను, అలంపురమున బాదామి చాళుక్యులనాటి శాసనములను చూచినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. రాతి యంచు వచ్చినచోట మాటను నడుమ ద్రుంచి, మిగిలినదానిని క్రింది పంక్తిలో చెక్కిరి. రాతిని, ఆకును పొదుపు చేయుటకే ఇట్లు వ్రాసిరని కొందరందురు. ఆ కారణ మొక్కటియే చాలదని నా తలంపు. మన భాషలో సంధి కలదు. "వాడు ఊరికి ఏగెను" అను మూడు మాటలును నోటిలో "వాడూరికేగెను" అని యొక్కటి యగును. నోట పలికినట్లే వ్రాసినవారికి నడుమ విడుపు పెట్టవలసిన యవసరము తోచలేదు. చదువువాడు కంటితో తీసికొన్నదానిని నోటి కిచ్చెను. నోరు చెవి కిచ్చెను. మాటను విడదీయుట చెవి పని. పద్యమైనచో యతిస్థానమును, ప్రాసాక్షరమును చెవి ముందుగనే యెదురుచూచుచుండును గావున, గొలుసులో ముడులవలె అవి పట్టు చూపెడివి.

పాశ్చాత్యులును మొదట ఇట్లే వ్రాసికొనిరి, ఇట్లే చదువుకొనిరి. క్రీస్తుశకము 4వ శతాబ్దిలో మిలాను నగరపు మతగురువు ఆంబ్రోసు పెదవి కదల్పక చదువుకొనుట చూచి, అగస్టీను అను పండితుడు దానిని విశేషముగ నెంచి వ్రాసియుంచెను. లాటిను వ్రాతలో మాటకు మాటకు నడుమ ఎడమిచ్చు పద్ధతి 7, 8 శతాబ్దులలో ఐర్లండు మఠవాసులవలన నెలకొనెను. లాటిను వారికి తల్లిభాష కాదు, చెవికి పట్టుబడదు. చెవి చేయలేని పనిని కంటి కప్పగింపవలసి వచ్చెను.

ఇక కన్ను ఆ పనిని ఎట్లు చేయునో చూతము. మీ చెంత వార్తాపత్రికయో పంచాంగమో యున్నచో చేతికి తీసికొనుడు. పంక్తి నడుమనున్న ఒక మాటమీద చూపు నిలిపి, కంటిని కదల్పక, ప్రక్కమాటలను చదువ ప్రయత్నింపుడు. చూపు నిలిపిన మాట స్పష్టము. దాని ప్రక్కది కొంత తెలియును. ఆవల నున్నవి చీమలబారు వలె నల్లగ తోచును. చేయి బారచాచి పట్టిన బొటనవ్రేలి గోరు ఎంత మేర నాక్రమించునో, సుమారంత మేరనే కన్ను నిక్కముగ చూడగలదు. పారిస్ నగరపు నేత్రవైద్యుడు జవాల్ 1879 ప్రాంతమున ప్రకటించిన వ్యాసములలో, చదువరి కన్ను పంక్తి వెంబడి నీటివలె జారదనియు, దాటుకొనుచు పోవుననియు తెలిపెను. పిచ్చుక గింజ లేరుకొనునట్లు ఒకచోట వ్రాలి, క్షణములో నాలుగవవంతు నిలిచి, మరల ఎగురును. పాప మా జవాల్ నీటికాసుల వ్యాధిచే 1900 నాటికి తానే చూపు కోల్పోయి, ఆపై అంధుల జీవనమునుగూర్చి గ్రంథము వ్రాసెను. ఆ వ్యాధి తరచుగ కడకంటి చూపునే ముందు తినివేయును. వృద్ధులు దానిని తేలికగ తీసికొనరాదు.

అయిన ఎగురునది ఎక్కడ వ్రాలవలెనో ముందుగ నెట్లెరుగును? 1975లో అమెరికాలో మక్కాంకీ, రేనర్ అను నిరువురు ఒక యంత్రము నమర్చిరి. చదువరి చూపు పడినచోట మాత్రమే నిజమైన యక్షరములుండును, ఆవలివి కలగాపులగము. కన్ను కదలినకొలది ఆ కిటికీయు కదలును. కిటికీని చిన్నది పెద్దది చేయుచు పరీక్షింపగా, ఆంగ్లము చదువువానికి ఎడమవైపు మూడునాలుగక్షరములు, కుడివైపు పదునాలుగు పదునైదక్షరములు ఉపయోగపడుచున్నట్లు తేలెను. ఒక్క మాటమాత్రమే కనబడనిచ్చినచో చదువు మిక్కిలి మందగించును. కుడిప్రక్క మాటను కూడ కనబడనిచ్చినచో, పోయిన వేగములో అధికభాగము తిరిగి వచ్చును. కడకన్ను ఆ ముందుమాటను పూర్తిగ చదువదు. దాని పొడవును, మొదటి యక్షరములను పట్టి, కాలు మోపు చోటును నిర్ణయించును. మాటలనడుమ ఎడము దానికి బాటలోని మైలురాయి వంటిది. కవులు ఓరచూపును నాయికలకే యిచ్చిరి కాని, బడిపిల్లవానికిని అది యంత యవసరమే!

అచ్చు వచ్చిన పిమ్మట మన కంటికి ఈ సాయము సమృద్ధిగ లభించెను. తెలుగు మొదట జర్మనీదేశపు హాలె పట్టణమున 1746–47లో షుల్జి అను మతబోధకునిచే అచ్చుకెక్కెను. 19వ శతాబ్దిలో వాచకములు, పత్రికలు మాటలను విడదీసి చూపుట పరిపాటి యయ్యెను. పద్యకావ్యములలో మాత్రము పండితులు సంధి విడువనొల్లరైరి. మన నల్లగొండనుండి 1922లో షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు "నీలగిరి"ని వెలువరించిరి. 1926లో పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున హైదరాబాదునుండి "గోలకొండ పత్రిక" వచ్చెను. రచ్చకట్టమీద ఒకరు బిగ్గరగ చదువ పదిమంది వినుటయు, ఆ పదిమందిలో ఒకడు తరువాత మూలకు తీసికొనిపోయి మౌనముగ చదువుకొనుటయు పెద్దలు చెప్పగ వింటిని. ఆ రెండవది తాటాకుతో సులభముగ సాగెడి పని కాదు.

ఈ చూపును గూర్చి నాకు అన్నిటికంటె ఆశ్చర్యము గొలిపిన విషయము వేరు. కన్ను రెండువైపుల సమానముగ చూడగలిగియుండ, కుడివైపునకే ఇంత మొగ్గేల? కన్ను మొగ్గలేదు, మనస్సు మొగ్గినది. దానినే మనవారు అవధాన మనిరి. మా తండ్రిగారు నిజాము కాలమున నల్లగొండలో ఉర్దూ బడిలో చదివినవారు. 1884లో ఉర్దూ రాజభాష యైనది మొదలు కచేరీ పని ఆ భాషలోనే సాగెను. తండ్రిగారు ఉర్దూ దస్తావేజును గడగడ చదివెడివారు. తెలుగు పత్రికను మాత్రము వ్రేలు పెట్టి మెల్లగ చదివెడివారు. "ఏమి నాయనా, ఇంట మాటలాడునది తెలుగే గదా?" యని యడిగితిని. "నాలుక తెలుగుదే బిడ్డా, కంటినే త్రిప్పుకొనవలసి వచ్చుచున్నది" అనిరి. నేనది హాస్యమనుకొంటిని. హెబ్రూ కుడినుండి ఎడమకు చదువు భాష; దానిని చదువునప్పుడు కిటికీ ఎడమకు మొగ్గునని 1981లో ప్రకటించిరి. 2014లో ఉర్దూ, ఆంగ్లము రెండును ఎరిగినవారిని పరీక్షించి, ఒకే మనుష్యుడు ఆంగ్లమునకు కుడివైపునకును, ఉర్దూకు ఎడమవైపునకును అవధానము మరల్చునని కనుగొనిరి. తండ్రిగారు అప్పటికి లేరు.

అవధానమనగనే మనకు సభ జ్ఞప్తికి వచ్చును. గద్వాల, ఆత్మకూరు సంస్థానములకు తిరుపతి వేంకటకవులు వచ్చి సత్కారము లందిన కథలు మన ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. అష్టావధాని సమస్యను పూరించుచునే ఘంటానాదమును లెక్కించును. వ్యస్తాక్షరిలో ముందువెనుకలుగ నిచ్చిన యక్షరములను కూర్చి చెప్పును. నడుమ నొకటి, అంచున నొకటి పట్టి యుంచుటయే ఆ విద్య. సామాన్య చదువరియు అల్పముగ ఈ పనియే చేయును. చూపు పడిన మాట కఠినమైనచో, మనస్సు అంతయు దానిమీదనే వెచ్చపడి, ప్రక్కమాటనుండి కన్ను గ్రహించునది తగ్గిపోవునని 1990లో హెండర్సన్, ఫెరీరా యను పరిశోధకులు చూపిరి. ఘంట మ్రోగినను లెక్క తప్పుట యన్నమాట.

ఇది తెలియక నేను చేసిన పని యొకటి చెప్పవలెను. నేను తెలుగు పండితుడనై పల్లెబడిలో చేరిన క్రొత్తలలో, తడబడు పిల్లలకు అట్టముక్కలో ఒక మాట పట్టునంత రంధ్రము కోసి యిచ్చెడివాడను; చూపు చెదరదని నా నమ్మకము. మూడవ తరగతి బాలిక యొకతె దానితో ఒక్కొక్క మాటను గట్టిగ పలికెడిది. పంక్తి ముగియునప్పటికి మొదటిమాట మరచెడిది. మందమతి యని ఆమె తల్లితో అంటిని. ఒకనాడు అట్ట పోయినది. ఆ పిల్ల వెదకుటకు భయపడి, అట్ట లేకయే చదివినది. మునుపటికంటె మేలుగ చదివినది. క్రొత్తగ నేర్చువారి కిటికీ చిన్నదే కాని, ఒక మాటంత చిన్నది కాదు. అట్టవలన మేలు పొందిన పిల్లలును ఇద్దరు ముగ్గురు కలరు. అందరికి ఒకే అట్ట నిచ్చుట నా తప్పు. ఆ తల్లితో అన్న మాటను వెనుకకు తీసికొనుటకు నాకు సమయము చిక్కలేదు. వారు పనులకై ఊరు విడిచి పోయిరి.

నిరుడు శ్రీరామనవమికి తాటాకుల కట్టను నేనే దింపితిని. కంటితో ఎంతసేపు చూచినను గొలుసు విడలేదు. తాతగారి రాగము జ్ఞప్తికి తెచ్చుకొని, పంక్తిని గట్టిగ సాగదీసి పలుకగా, ప్రాస తగిలినచోట మొదటిమాట ఊడి వచ్చినది. మధ్యాహ్నమువరకు రెండు పద్యములైనవి.