స్ఫటికం చెప్పిన చరిత్ర – ఖరగ్‌పూర్ గడ్డ మీద పాత సైనిక వైర్‌లెస్

మన సంఘం సంచికలో ప్రతి ఏడాదీ యుద్ధాల గురించి, పతకాలు తెచ్చుకున్న వీరుల గురించి వ్యాసాలు వస్తుంటాయి. రావాలి కూడా. కాని ఆ యుద్ధాల్లో మాటను మోసిన పెట్టెల గురించి ఎవరూ రాయరు. కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పెట్టెలు వీపున మోసినవాణ్ణి కాబట్టి ఈసారి ఆ పని నేనే చేద్దామని కూర్చున్నాను. నేను చదివింది ఇంటర్మీడియెట్ వరకే. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

దీనికి కారణం ఒక పాతసామాన్ల కొట్టు. రెండేళ్ళ క్రితం గోల్ బజార్ నుంచి ఇంటికి వస్తూ దారిలో ఆగాను. కొట్టు కుర్రవాడు సుత్తి పట్టుకుని చిన్న చిన్న గోధుమరంగు బిళ్ళల్ని పగలగొడుతున్నాడు. లోపలి ఇత్తడి రేకు కోసమట. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలంత బేకలైట్ డబ్బీ, కింద రెండు పిన్నులు, ముందు మూడు మరలు బిగించిన మూత, మూత మీద నాలుగంకెల నంబరు. చూడగానే గుండె ఝల్లుమంది. అది ఎఫ్.టి.243 రకం క్రిస్టల్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన వైర్‌లెస్ సెట్లకు ప్రాణం అదే. అప్పటికే సగం చితికిపోయాయి. మిగిలిన ఏడింటినీ కొనేశాను. "వీటితో ఏం చేస్తారు దాదా?" అని కుర్రవాడు నవ్వాడు. ఆ ప్రశ్నకు అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఈ క్రిస్టల్ ఏమిటో సిగ్నల్స్ కాని సోదరులకు చెప్పాలి. క్వార్ట్జ్ అంటే మన స్ఫటికమే, పూజలో పెట్టుకునే స్ఫటిక లింగం రాయి. దాన్ని ఒక కోణంలో పలచని బిళ్ళగా కోసి రెండు లోహపు రేకుల మధ్య పెట్టి కరెంటు ఇస్తే అది కంపిస్తుంది. ఈ గుణాన్ని ఫ్రాన్సులో క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. బిళ్ళ ఎంత పలచగా ఉంటే కంపనం అంత వేగం. ఒక మిల్లీమీటరులో నాలుగో వంతు మందం ఉంటే సెకనుకు దాదాపు 70 లక్షల సార్లు కంపిస్తుంది. మూత మీద ఉండే నంబరు ఆ వేగమే, కిలోసైకిల్స్‌లో. వేడికీ చలికీ, జీపు కుదుపులకీ ఆ వేగం పెద్దగా మారదు. అందుకే సైన్యానికి అది కావలసి వచ్చింది.

ఇది లేని సెట్ ఎలా ఉండేదో పాత ఆపరేటర్లకు తెలుసు. బ్రిటిష్ వారి 19 సెట్ ఉండేది, ట్యాంకుల్లో పెట్టేవారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన సైన్యంలో చాలాకాలం పనిచేసింది. అందులో డయల్ తిప్పి ఫ్రీక్వెన్సీ పట్టుకోవాలి. కంట్రోల్ స్టేషన్ ఒక ఈల లాంటి శబ్దం పంపితే మిగతా స్టేషన్లన్నీ ఆ ఈల సన్నబడి మాయమయ్యే దాకా డయల్ తిప్పి అక్కడ బిగించాలి. దాన్నే నెట్టింగ్ అనేవాళ్ళం. సెట్ వేడెక్కితే మళ్ళీ జరిగిపోయేది. అంటే ఆపరేటర్ చెవి మీద మొత్తం యుద్ధం ఆధారపడేదన్నమాట. క్రిస్టల్ వచ్చాక పిన్నులు గుచ్చితే చాలు. అమెరికన్ పదాతి సైనికుడు చేత్తో పట్టుకున్న ఎస్.సి.ఆర్.536 అనే హ్యాండీ టాకీ అలాంటిదే. యాంటెనా లాగగానే సెట్ ఆన్ అయ్యేది, తిప్పడానికి డయల్ లేదు.

క్రిస్టల్ అనే మాటకు రేడియోలో ఇంకో అర్థం కూడా ఉంది. అది మన బెంగాల్‌దే. జగదీశ్ చంద్ర బోస్ గారు 1895లో కలకత్తా టౌన్ హాలులో తీగ లేకుండా దూరంగా గంట మోగించి చూపారు. ఆ తరంగాలను పట్టుకోవడానికి గెలీనా అనే సీసపు ఖనిజాన్ని వాడే పద్ధతికి 1904లో అమెరికా పేటెంటు ఇచ్చింది. మన చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పిన, బ్యాటరీ లేకుండా పాడే క్రిస్టల్ రేడియో ఆ గెలీనా రకానిది. అది తరంగాన్ని వింటుంది, క్వార్ట్జ్ తరంగాన్ని నిలబెడుతుంది. రెండూ వేరు.

సరే, అమెరికా క్రిస్టల్ ఖరగ్‌పూర్ పాతసామాన్లలోకి ఎలా వచ్చింది? ఆ కథ ఇక్కడి మన వాళ్ళకు కొంత తెలుసు, బయటి నుంచి వచ్చిన వారికి తెలియదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మన తాతలు వచ్చి మథురాకాటి, నింపురా క్వార్టర్లలో స్థిరపడ్డారు. మా తాతగారు వర్క్‌షాపులో ఖలాసీ. యుద్ధం రోజుల్లో ఆకాశం నిండా నాలుగింజన్ల విమానాలు, రోడ్ల నిండా అమెరికన్ ట్రక్కులు ఉండేవని ఆయన చెప్పేవారు. పిల్లలం నమ్మేవాళ్ళం కాదు.

అది అక్షరాలా నిజం. 1944 మార్చిలో అమెరికా 20వ బాంబర్ కమాండ్ హెడ్‌క్వార్టర్స్ ఖరగ్‌పూర్‌కు వచ్చింది. అది నడిచిన భవనం హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న బ్రిటిష్ పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అమరులైన చోటు. తర్వాత 1951లో ఐఐటీ మొదలైంది కూడా ఆ భవనంలోనే. ఒకే కప్పు కింద జైలు, యుద్ధ కార్యాలయం, కాలేజీ. ఇప్పుడది హిజ్లీ షహీద్ భవన్, లోపల నెహ్రూ మ్యూజియం ఉంది. చుట్టూ సాలువా, కలైకుండా, దూధ్‌కుండీ, పియార్‌డోబా, ఇప్పుడు జార్ఖండ్‌లో ఉన్న చాకులియా. ఈ రన్‌వేలన్నీ బి-29 విమానాల కోసం పొడిగించినవే. అమెరికన్ ఇంజనీర్లతో పాటు వేల మంది మన కూలీలు రాళ్ళు కొట్టి, మట్టి మోసి కట్టారు.

1944 జూన్ 5న ఇక్కడి స్థావరాల నుంచి 98 విమానాలు బ్యాంకాక్ మీదకు బయలుదేరాయి. బి-29 విమానం చేసిన మొట్టమొదటి దాడి అది. పది రోజుల తర్వాత, జూన్ 15 రాత్రి, చైనాలోని ఛెంగ్డూ మీదుగా వెళ్ళి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద బాంబులు వేశాయి. ఈ కమాండ్‌కు ఆజ్ఞలు ఢిల్లీ నుంచి కాదు, నేరుగా వాషింగ్టన్ నుంచి జనరల్ ఆర్నాల్డ్ ఇచ్చేవారు. ఒక్కసారి ఆలోచించండి. వాషింగ్టన్ నుంచి హిజ్లీకి, హిజ్లీ నుంచి హిమాలయాల అవతల ఛెంగ్డూకి, అక్కడి నుంచి ఆకాశంలో విమానానికి. మధ్యలో ఎక్కడ వైర్‌లెస్ ఆగినా అంత పెద్ద విమానం గుడ్డిదే.

ఆ రోజుల్లో అమెరికన్ విమానాల్లో విరివిగా వాడిన వి.హెచ్.ఎఫ్. సెట్ ఎస్.సి.ఆర్.522. బ్రిటిష్ సెట్‌ను చూసి చేసినది. అందులో నాలుగు చానెళ్ళు, ఒక్కో చానెల్‌కు విడి క్రిస్టళ్ళు. క్రిస్టల్ వేగాన్ని సెట్ 18 రెట్లు పెంచేది. అంటే 7000 నంబరు క్రిస్టల్ పెడితే 126 మెగాసైకిల్స్ మీద మాట్లాడవచ్చు. ఫ్రీక్వెన్సీ మార్చాలంటే క్రిస్టల్ మార్చాల్సిందే. అందుకే క్రిస్టళ్ళు పెట్టెలు పెట్టెలుగా యుద్ధరంగానికి వెళ్ళేవి. రాయి బ్రెజిల్ నుంచి వచ్చేది, అమెరికాలో చిన్న చిన్న కర్మాగారాల్లో కోసి అరగదీసేవారు. కోట్ల సంఖ్యలో తయారయ్యాయి. మొదట్లో ఒక చిక్కు వచ్చింది. బాగా పనిచేసిన క్రిస్టళ్ళు గోదాములో కొన్నాళ్ళుంటే నంబరు తప్పేవి, కొన్ని మూగబోయేవి. అరగదీసినప్పుడు పైపొర దెబ్బతినడం దానికి కారణమని తేలింది. చివర్లో ఆసిడ్‌తో ఆ పొర కరిగించడం మొదలుపెట్టాక కుదిరింది. నా దగ్గరున్న ఏడింటిలో రెండు మూగవే.

1945లో విమానాలు పసిఫిక్ దీవులకు వెళ్ళిపోయాయి. యుద్ధం ముగిశాక మిగిలిన సామాను డిస్పోజల్ మాల్ పేరుతో అమ్ముడైంది. కలకత్తా చాందినీ మార్కెట్‌లో రేడియో రిపేరు చేసేవాళ్ళు, హామ్ రేడియో వాళ్ళు ఎగబడి కొన్నారని పాతవాళ్ళు చెబుతారు. నా ఏడు బిళ్ళలు కూడా అలా ఏదో ఇంటి అటక మీద ఇన్నేళ్ళూ పడుకుని ఉంటాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే చరిత్ర పూర్తి కాదు. ఈ రన్‌వేలు పొడిగించడానికి కొద్ది నెలల ముందే ఇదే మేదినీపూర్ జిల్లా ఆకలితో చచ్చింది. 1942 అక్టోబరు 16న తుఫాను కాంథీ, తమ్లూక్ ప్రాంతాల్ని ముంచేసింది. క్విట్ ఇండియా ఉద్యమం జోరుగా ఉన్న చోటు కావడంతో ప్రభుత్వం ఆ వార్తను చాలా రోజులు పత్రికల్లో రానివ్వలేదు. మరుసటి ఏడు కరువు. తీగలూ ఉన్నాయి, తంతి కార్యాలయాలూ ఉన్నాయి, కబురు మాత్రం పోనివ్వలేదు. సిగ్నల్స్ మనిషిగా నాకు ఇది బాగా గుచ్చుకుంటుంది. సెట్ ఎంత మంచిదైనా, మాటను పోనివ్వాలన్న మనసు లేకపోతే అది ఇనుప పెట్టే.

మన కోర్ ఆఫ్ సిగ్నల్స్ 1911 ఫిబ్రవరి 15న పుట్టింది. 'తీవ్ర చౌకస్' మన నినాదం. 1962లో మన జవాన్ల దగ్గర ఎక్కువగా ఉన్నవి యుద్ధకాలపు పాత సెట్లే. బ్యాటరీలు, చార్జింగ్ ఇంజన్లు, దానికి పెట్రోలు అన్నీ మనిషి వీపు మీద కొండెక్కాలి. అక్టోబరు 20న నామ్కా చూ దగ్గర చైనా దాడి మొదలై టెలిఫోన్ తీగలు తెగి, బ్రిగేడ్‌తో సంబంధం పోయింది. ఏమైందో తెలియని ఆ ఉదయం 4వ డివిజన్ సిగ్నల్స్‌కు చెందిన మేజర్ రామ్ సింగ్, స్క్వాడ్రన్ లీడర్ వినోద్ సెహగల్ నడిపిన హెలికాప్టర్‌లో సాంగ్‌ధర్‌కు వెళ్ళారు. ఇద్దరూ తిరిగి రాలేదు. తెగిన మాట కోసం ప్రాణం పెట్టిన వారిని మన కోర్ మరచిపోకూడదు.

మూడేళ్ళకు ఖరగ్‌పూర్ ఆకాశమే యుద్ధరంగమైంది. 1965 సెప్టెంబరు 7 ఉదయం తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన సేబర్ విమానాలు కలైకుండాలో నిలిచిఉన్న మన విమానాలను ధ్వంసం చేశాయి. రెండోసారి వచ్చినప్పుడు, గాలిలో గస్తీ తిరుగుతున్న 14వ స్క్వాడ్రన్ హంటర్ పైలట్లు ఆల్ఫ్రెడ్ కుక్, ఎస్.సి. మమ్‌గైన్‌లకు రేడియోలో కబురు అందింది. వెంటనే మళ్ళి వచ్చి తలపడ్డారు. ఐఐటీ విద్యార్థులు, రైల్వే క్వార్టర్ల జనం డాబాలెక్కి చూశారట. ఇద్దరికీ వీర చక్ర వచ్చింది. ఆ ఒక్క కబురు అయిదు నిమిషాలు ఆలస్యమై ఉంటే రెండో దాడి కూడా మొదటిదానిలాగే ముగిసేదేమో.

నేను చేరేనాటికి కాలం మారింది. బెంగుళూరులో 1954లో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ సెట్లు వచ్చేశాయి. నా చేతికొచ్చింది ఏ.ఎన్.పి.ఆర్.సి.25. అందులో కొద్ది క్రిస్టళ్ళ నుంచే 920 చానెళ్ళు పుట్టించే ఏర్పాటు ఉంది. రెండు నాబ్‌లు టక్ టక్ మని తిప్పితే చాలు. క్రిస్టల్ పెట్టెలు మోయక్కర్లేదు. అందరం గొప్ప సుఖం అనుకున్నాం.

ఆ సుఖంలోనే నేను ఒక తప్పు చేశాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఉత్తరాన ఒక పోస్టులో రాత్రి పెట్రోల్ బయలుదేరింది, పదకొండు మంది. ఆ రాత్రి ఫ్రీక్వెన్సీ మార్చాల్సిన సమయంలో, చేతి గ్లోవ్ తీయకుండా నాబ్ తిప్పాను. ఒక క్లిక్ తప్పింది. ఒక్క క్లిక్ అంటే 50 కిలోసైకిల్స్. నలభై నిమిషాల పాటు నేను పిలుస్తూనే ఉన్నాను, వాళ్ళూ పిలుస్తూనే ఉన్నారు, ఒకరి మాట ఒకరికి వినపడలేదు. చివరికి టార్చి వేసి చూస్తే తప్పు కనపడింది. అందరూ క్షేమంగా తిరిగి వచ్చారు. కంపెనీ కమాండర్ గారు ఏమీ అనలేదు. అందుకే ఎక్కువ బాధపడ్డాను. పిన్నులు గుచ్చే పాత క్రిస్టల్ అయితే ఆ తప్పు జరిగేది కాదు. అలాగని క్రిస్టల్ గొప్పదని కాదు. శత్రువు ఒక్క క్రిస్టల్ పెట్టె పట్టుకుంటే మన ఫ్రీక్వెన్సీలన్నీ తెలిసిపోయేవి. తర్వాత వచ్చిన స్టార్స్-వి సెట్లు ఫ్రీక్వెన్సీని వాటంతట అవే గెంతిస్తాయి. ప్రతి సౌకర్యం వెనకా ఒక కొత్త జాగ్రత్త నేర్చుకోవాలని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్నకు వస్తాను. వీటితో ఏం చేస్తాను? ఏడు క్రిస్టళ్ళనూ దూదిలో చుట్టి, ఒక్కోదాని నంబరు, దొరికిన తేదీ రాసి పెట్టాను. మన పిల్లలు జేబులో పెట్టుకుని తిరిగే మొబైల్ ఫోన్ లోపల కూడా బియ్యపుగింజ కన్నా చిన్న క్వార్ట్జ్ ముక్క కంపిస్తూనే ఉంటుంది. మా మనవడికి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాను. వాడు అరగంట సేపు ప్రశ్నలు వేశాడు.

సోదరులకు నా మనవి ఒకటే. మీ ఇళ్ళలో, అత్తవారిళ్ళ అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో మోర్స్ కీ, హెడ్‌ఫోన్, క్రిస్టల్, పాత సెట్ నేమ్ ప్లేటు ఏదున్నా తూకానికి వేయకండి. నిజమైన ట్రాన్స్‌మిటర్ అయితే లైసెన్స్ లేకుండా ఆన్ చేయకూడదు, ఆ సంగతి మీకు తెలుసు. ఫోటో తీసి, దాని గురించి మీకు తెలిసిన నాలుగు ముక్కలు రాసి సంఘానికి పంపండి. 62 సెట్ మోసిన తరం మన మధ్య నుంచి దాదాపు వెళ్ళిపోయింది. వారి కొడుకులైనా విన్నది చెబితే వచ్చే సంచికలో వేద్దాం. వస్తువు పోతే ఫోటో మిగులుతుంది. చెప్పే మనిషి పోతే ఏమీ మిగలదు.

జై హింద్.