కట్టునకును కదలికకును నడుమ

దేహభారమునంతను మోయుచు, ఎగుడుదిగుడు నేలపై ప్రతిక్షణము తన్ను తాను సవరించుకొనుచుండు చీలమండకు లోకమున లభించిన ఆదరము మిక్కిలి స్వల్పము. కాలు మడతపడి, గుబ్బ వాచి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితి వచ్చినను, "బెణుకేగదా" యని కొట్టివేసి, కాపడము పెట్టి, మూడవనాటికే నడిపించుట మన యిండ్లలో పరిపాటి. పాదము లోపలివైపునకు ఒరిగినపుడు వెలుపలి గుబ్బయొద్దనున్న సంధిబంధనములు సాగును, లేదా చినుగును. చీలమండ గూటిలో ఇమిడియుండు ఎముక ముందువైపున వెడల్పుగను వెనుకవైపున ఇఱుకుగను ఉండుటచేత, ఎగిరి మునివ్రేళ్లపై దిగునపుడు ఆ యిఱుకు భాగమే గూటిలోనికి వచ్చి కీలు వదులగును. ఆటగానికి అపాయము పొంచియుండునది ఆ క్షణముననే.

పాదమును విషమముగా మోపుటవలన చీలమండయందు పుట్టు నొప్పిని సుశ్రుతసంహిత వాతకంటకమను పేర పేర్కొన్నది. ఆ గ్రంథమే సూత్రస్థానమున పదునాలుగు విధముల కట్లను వివరించి, అందు అడ్డదిడ్డముగా పెనవేయు స్వస్తికబంధమును కీళ్లకు విధించినది. మఱ్ఱి, రావి, మేడి, మోదుగ, మద్ది మున్నగు చెట్ల పట్టలను బద్దలుగా నమర్చి కట్టు విధమును చెప్పుచు, కట్టు వదులైనచో కీలునకు స్థైర్యము చేకూరదనియు, మితిమీరి బిగిసినచో వాపును, నొప్పియు, చీమును పుట్టుననియు హెచ్చరించి, చలికాలమున ఏడునాళ్లకును, సమశీతోష్ణకాలమున ఐదునాళ్లకును, వేసవిని మూడునాళ్లకును విప్పి మరల కట్టవలెనని ఋతుభేదమును సైతము నిర్ణయించినది. బిగువెంత, వదులెంత యన్న ఆ ప్రశ్నను తరువాతి వైద్యులు నేటివరకును తెగవేయలేదు.

మన చిత్తూరుసీమలో ప్రసిద్ధమైన పుత్తూరు కట్టు పసరును, కోడిగ్రుడ్డు తెల్లసొనను, వెదురుబద్దలను నమ్మినది. ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దపు నడిమిభాగమున డచ్చి సైనికవైద్యుడు మాథైసెన్ గుడ్డపట్టీకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టించి, గంటలు గడువకమునుపే గట్టిపడు కట్టును సిద్ధపఱచెను. విఱిగిన యెముకకు ఇవి ఉపకరించినమాట నిజమే గాని, బెణికిన కాలినిసైతము వారముల తరబడి కదలనీయక బంధించుటచే కండలు కృశించి, కీలు బిగుసుకొనిపోవుట సామాన్యమైనది. దీనికి ఎదురు నిలిచినవాడు న్యూయార్కు వైద్యుడు వర్జిల్ గిబ్నీ. అంటుపట్టీలను బుట్టయల్లికగా చీలమండచుట్టును వేసినచో, రోగి ఊతకఱ్ఱల నపేక్షింపక, పనిదినము నష్టపడక నడువవచ్చునని ఆయన 1895లో ప్రకటించెను.

ఆటస్థలములు దీనిని ఆదరముతో స్వీకరించినవి. అయితే 1962లో రారిక్ మున్నగు పరిశోధకులు కొలిచి చూడగా, పది నిమిషముల వ్యాయామముతోనే ఆ పట్టీ యిచ్చు ఊతలో సుమారు 40 శాతము సడలిపోవుచున్నదని తేలెను. చెమటకు జిగురు వీడును, చర్మము కదలును, తిరిగి చుట్టుటకు ఆటనడుమ తీరిక యుండదు. ఈ లోపమే బ్రేసు అను తొడుగు పుట్టుకకు కారణమయ్యెను. 1970లలో అమెరికాలో గ్లెన్ జాన్సన్ స్థాపించిన ఎయిర్‌కాస్ట్ సంస్థ, కాలికి ఇరుప్రక్కల గాలిసంచుల మెత్తలు గల ప్లాస్టికు పలకలను నిలిపి, మడమక్రిందుగా రికాబువలె కలిపి, వెల్‌క్రో పట్టీలతో బిగించినది. పాదము పైకిని క్రిందికిని స్వేచ్ఛగా కదలును. ప్రక్కకు మాత్రము ఒరుగదు. మఱియొక రకము లేసులతో బిగించు గుడ్డబ్రేసు: లేసు ముడివేసిన పిమ్మట, లోపలివైపు పట్టీని పాదముపైనుండి దాటించి, అఱకాలిక్రిందుగా త్రిప్పి, లోపలి గుబ్బమీదుగా పైకి లాగి అంటింపవలెను, రెండవ పట్టీ దీనికి ఎదురుదిశను నడచును. రెండును పెనవేసుకొన్న తీరు చూచినవానికి స్వస్తికబంధము స్ఫురింపక మానదు. సడలినచో ఆటగాడే వంగి ఒక్క లాగుతో బిగించుకొనవచ్చును.

ఈ చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించిన ఘట్టము ఆటస్థలమున గాక అమెరికా సైన్యమున నడచినది. జార్జియా రాష్ట్రమందలి ఫోర్ట్ బెన్నింగ్ పారాచూట్ శిక్షణాలయమున 1993లో, బూటుపైననే తొడుగుకొను బ్రేసును పరీక్షింపగా, పాదము లోపలికి ఒరిగి కలుగు బెణుకులు 85 శాతము తగ్గినవి. కొన్ని సంవత్సరములు వాడిన పిదప, ఖర్చు అధికమనియు, చీలమండను కాచిన బ్రేసు తాకిడిని కాలి పైభాగమునకు మరలించుచున్నదనియు మాటలు పుట్టి, 2000 ప్రాంతమున దానిని మానివేసిరి. మాటలు పుట్టించుటకు లెక్కలు అక్కఱలేదు గదా! 2,20,000కు పైబడిన సైనికుల వైద్యపత్రములను శోధించి 2005లో వెలువడిన నివేదిక, బ్రేసు వాడిన కాలమున చీలమండ గాయములతో ఆస్పత్రి పాలైనవారి సంఖ్య తగ్గెననియు, మానగనే మరల పెరిగెననియు స్పష్టపఱచినది.

ఎవరికి ఇది ఎక్కువ మేలు? దక్షిణాఫ్రికాలో ఫుట్‌బాల్ ఆటగాండ్రపై జరిగి 1994లో ప్రకటితమైన పరీక్షలో, పూర్వము బెణికిన కాళ్లకే బ్రేసు రక్షణ నిచ్చినది. ఎన్నడును బెణుకనివానికి విశేష మేమియు కానరాలేదు. విస్కాన్సిన్ రాష్ట్రపు పాఠశాలలలో 1,460 మంది బాస్కెట్‌బాల్ విద్యార్థులను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితములు మాత్రము ఇరుతెగలకును రక్షణ కలదని చెప్పినవి. అయినను తగిలిన గాయముల తీవ్రత తగ్గలేదు. అదియుగాక, చినిగిన బంధనముతోపాటు కీలుస్థితిని మెదడునకు తెలుపు నాడీతంతువులును దెబ్బతినుననియు, ఊగు పలకపై నిలుచు సాధనచే ఆ యెఱుక మరల కుదురుననియు ఫ్రీమన్ అను వైద్యుడు 1965లోనే వాదించియుండెను. బ్రేసు తొడిగి ఆ సాధనను మానిన ఆటగాడు సగము వైద్యమే పొందినవాడు.

వింత యేమనగా, బహిష్కృతమైనదనుకొన్న గట్టికట్టు మరల తలయెత్తినది. తీవ్రముగా బెణికిన 584 మందిని బ్రిటనులో నాలుగు తెగలుగా విభజించి, గొట్టపుపట్టీ, ఎయిర్‌కాస్ట్ బ్రేసు, బూటువంటి బ్రేసు, పదినాళ్ల మోకాలిదిగువ గట్టికట్టు వాడి చూడగా, మూడవ నెలనాటికి ఆ కట్టు వేసికొన్నవారే ముందుగా తేరుకొనిరి, ఎయిర్‌కాస్ట్ రెండవస్థానమున నిలిచినది. 2009లో వెలువడిన ఈ ఫలితములయందు, తొమ్మిదవ నెల వచ్చుసరికి ఆ నాలుగు తెగల నడుమ గణింపదగిన భేదమేమియు మిగులలేదు.