కాలిన గాయాలు, ఎంజీఎం వార్డు

వరంగల్‌లో కాలిన గాయాల చికిత్స చరిత్ర చాలావరకు మహాత్మాగాంధీ స్మారక (ఎంజీఎం) ఆసుపత్రి చరిత్రే. 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ మొదలయ్యాక ఇది దాని బోధనాసుపత్రి అయింది. పాత వరంగల్ జిల్లా నుంచే కాక కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ వైపు పల్లెల నుంచీ రోగులు ఇక్కడికే వస్తారు. ఏటూరునాగారం అడవి పల్లెల్లో ఒళ్లు కాలిన మనిషి ఆసుపత్రి చేరేసరికి గంటలు గడిచిపోయేవి. అప్పటికే గాయం మీద సిరానో, ఇడ్లీపిండో పూసి ఉండేది. చన్నీళ్లు పోసేవారే తక్కువ.

ఆ ఆలస్యం ప్రాణం మీదికి తెచ్చేది. 1968లో అమెరికా వైద్యుడు బాక్స్‌టర్ చెప్పిన లెక్క ప్రకారం తొలి 24 గంటల్లో కిలో బరువుకు, ఒంట్లో కాలిన ఒక్కో శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున రింగర్ లాక్టేట్ సెలైన్ ఎక్కించాలి. అందులో సగం మొదటి 8 గంటల్లోనే పోవాలి. ఆ గంటలను ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి లెక్కిస్తారు. 2005లో 108 అంబులెన్సులు వచ్చాక ఈ ఆలస్యం కొంత తగ్గింది.

1980ల నాటికి తెలుగు ఇళ్లలో ప్రమాదానికి మారుపేరు కిరోసిన్ పంపు స్టౌ. కొత్త కోడలు కాలి వస్తే, వెంట వచ్చినవాళ్లు చెప్పేది దాదాపు ఒకటే: స్టౌ పేలింది. అన్నీ అబద్ధాలు కావు, అన్నీ నిజాలూ కావు. అందుకే సెలైన్‌తోపాటు మేజిస్ట్రేటుకూ కబురు వెళ్లేది. రోగి స్పృహలో ఉందని డాక్టరు ధ్రువీకరించాక, బంధువులను బయటికి పంపి మరణ వాంగ్మూలం తీసుకునేవారు. భర్త, అత్తింటివారి వేధింపులపై భారత శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షన్ 1983లో, పెళ్లయిన ఏడేళ్లలోపు జరిగే వరకట్న మరణాలపై 304-బి 1986లో వచ్చాయి. చాలా కేసుల్లో కీలక సాక్ష్యం పుట్టింది ఆసుపత్రి మంచం మీదే.

పిల్లల సంగతి వేరు. వారిని కాల్చేది ఎక్కువగా స్నానానికి కాచిన నీళ్లు, పొయ్యి మీంచి దించిన పులుసు. పెద్దల్లో తల శరీరంలో 9 శాతమైతే పసిపిల్లల్లో అది 18 శాతం దాకా ఉంటుంది, అందుకే శాతం లెక్క కూడా మారుతుంది. మొదటి రోజులు గట్టెక్కినా చీము భయం వారాల తరబడి వదలదు. దోమతెర, సిల్వర్ సల్ఫాడయజీన్ పూత, ఏడుపుల మధ్య మార్చే డ్రెస్సింగ్, తొడ నుంచి తీసి అతికించే చర్మం, వేళ్లు ముడుచుకుపోకుండా కట్టే చెక్కలు: ఇవన్నీ అయ్యేదాకా తల్లి కూలి పని మానుకోవలసిందే.

1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు రావడంతో కిరోసిన్ వాడకం తగ్గసాగింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదల చికిత్స ఖర్చును ప్రభుత్వం మీద వేసింది.

కాల్చేది నిప్పూ నీళ్లూ మాత్రమే కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు. నిందితులు ముగ్గురూ కొద్దిరోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పత్రికలు ఆ కాల్పులను రాసినంతగా అమ్మాయిల చికిత్సను రాయలేదు. ఒకరు నెలాఖరున హైదరాబాద్‌లో మరణించారు. యాసిడ్ దాడికి కనీసం పదేళ్ల శిక్ష విధించే చట్టం 2013లో వచ్చింది. యాసిడ్ అమ్మకాలపై సుప్రీంకోర్టు ఆంక్షలూ ఆ ఏడాదివే.

ఒళ్లు ఎక్కువగా కాలితే అతికించడానికి రోగి సొంత చర్మం చాలదు. మరణించినవారి చర్మాన్ని గ్లిసరాల్‌లో నిల్వచేసే చర్మ నిధి 2021లో హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో ఏర్పడింది. వరంగల్ నుంచి అక్కడికి సుమారు 145 కిలోమీటర్లు.