బఫర్ పద్ధతిలో జనాభా అంచనా

ఒక స్థలానికి నిర్ణీత దూరం లోపల ఎంతమంది నివసిస్తున్నారో పటాల సాఫ్ట్‌వేర్ సహాయంతో లెక్కకట్టే విధానమే బఫర్ పద్ధతిలో జనాభా అంచనా. భౌగోళిక సమాచార వ్యవస్థ (జీఐఎస్) పరిభాషలో బఫర్ అనగా ఒక బిందువు, రేఖ లేదా ప్రాంతం చుట్టూ సమాన దూరంలో గీసిన హద్దు. బిందువు చుట్టూ గీసినపుడు అది వృత్తమవుతుంది. ఆరోగ్య కేంద్రం, పాఠశాల వంటివి ఎక్కడ నెలకొల్పాలో నిర్ణయించడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. ఈ వ్యాసంలో హైదరాబాదులోని సైదాబాద్‌ను ఉదాహరణగా తీసుకోవడమైనది.

స్థూలమైన లెక్క

హైదరాబాదు జిల్లాలోని 16 మండలాలలో సైదాబాద్ ఒకటి. 2011 జనగణన ప్రకారం 217 చదరపు కిలోమీటర్ల ఈ జిల్లా జనాభా 39,43,323. అనగా చదరపు కిలోమీటరుకు సగటున సుమారు 18,172 మంది. సైదాబాద్ నడిబొడ్డున 1 కి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీస్తే వైశాల్యం 3.14 చ.కి.మీ.; జిల్లా సగటు ప్రకారం అందులో సుమారు 57,000 మంది ఉండాలి. అర కిలోమీటరు వృత్తానికి ఈ సంఖ్య 14,000 పైచిలుకు మాత్రమే.

2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ సుమారు 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని సూచించింది. పై వృత్తంలో నిజంగా ఉన్నది 40,000 మందైతే ఒక్క కేంద్రం చాలు, లక్షకు చేరువైతే రెండు కావాలి. జిల్లా సగటు ఈ తేడాను చెప్పలేదు. కిక్కిరిసిన బస్తీలూ, విశాలమైన సికింద్రాబాదు కంటోన్మెంటు భూములూ అందులో కలిసిపోయి ఉంటాయి.

వార్డుల విభజన

జిల్లా సగటు కంటే వార్డుల వారీ లెక్క మెరుగు. చిక్కేమిటంటే వృత్తం వార్డు హద్దులను పాటించదు. అందుచేత వార్డు విస్తీర్ణంలో ఎంత భాగం వృత్తంలో పడిందో, జనాభాలో అంత భాగాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఒక ఊహాత్మక వార్డు విస్తీర్ణం 1.2 చ.కి.మీ., జనాభా 45,000 అనుకుందాం. అందులో 0.4 చ.కి.మీ. వృత్తంలో పడితే 15,000 మంది లెక్కకు వస్తారు.

జనం వార్డంతటా సమానంగా పరచుకొని ఉన్నారన్నది ఇక్కడి ఊహ. సైదాబాద్ పరిసరాలలో ఇది నిలవదు. మలక్‌పేట రేసుకోర్సులో ఎవరూ కాపురముండరు. పై వార్డులో వృత్తానికి వెలుపల 0.5 చ.కి.మీ. అటువంటి ఖాళీ మైదానమే అయితే, ఆ 45,000 మందీ మిగిలిన 0.7 చ.కి.మీ.లోనే ఉన్నట్లు, అప్పుడు వృత్తంలోని వారు సుమారు 25,700. నివాసయోగ్యం కాని నేలను ముందే తొలగించే ఈ పద్ధతిని డాసిమెట్రిక్ పద్ధతి అంటారు. అమెరికా భౌగోళిక శాస్త్రవేత్త జాన్ కె. రైట్ 1936లో కేప్ కాడ్ జనసాంద్రత పటాన్ని ఈ విధంగానే, కంప్యూటరు లేకుండా తయారుచేశాడు.

వరల్డ్‌పాప్ వంటి సంస్థలు సుమారు 100 మీటర్ల గళ్ళుగా జనాభా అంచనాలను ఉచితంగా అందిస్తున్నాయి. ఉచిత సాఫ్ట్‌వేరైన క్యూజీఐఎస్‌లో బఫర్ గీసి, దానిలోని గళ్ళ విలువలను కూడితే చాలు. కాని ఈ గళ్ళ అంచనాలకు కూడా ఆధారం జనగణనే. భారతదేశంలో 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినది. 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా నిర్ణయిస్తూ 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది.

జాగ్రత్తలు

బఫర్‌ను డిగ్రీలలో గీయరాదు. హైదరాబాదు అక్షాంశం వద్ద ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.7 కి.మీ., ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కి.మీ. కనుక వృత్తం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. ముందుగా పటాన్ని మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర మండలంలోకి మార్చుకోవాలి.

ఒకదానికొకటి 1 కి.మీ. దూరంలో ఉన్న రెండు కేంద్రాల చుట్టూ 1 కి.మీ. వృత్తాలు గీస్తే ఒక్కొక్క దానిలో 39 శాతం రెండింటికీ ఉమ్మడి. వాటిని ఒకటిగా కలపకుండా కూడితే అక్కడి వారు రెండుసార్లు లెక్కకు వస్తారు.

సైదాబాద్ చుట్టూ వృత్తాన్ని 3 కి.మీ.కు పెంచితే తూర్పున సరూర్‌నగర్ చెరువు, ఉత్తరాన మూసీ అవతల అంబర్‌పేట వైపు కొంత భాగం అందులో చేరతాయి. సరూర్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోనిది కనుక రెండు జిల్లాల పట్టికలూ అవసరమవుతాయి. ఇక మూసీ అవతలి వారు వృత్తంలో ఉన్నా, వంతెన చుట్టి రావలసిందే. అటువంటి చోట వృత్తానికి బదులు రహదారి వెంట కొలిచిన దూరంతో హద్దు గీయడం ఉచితం.